మొదటి రాకెట్ ఛాంబర్‌కి ఏది ఎంచుకోవాలి: రాగి దిమ్మె, గ్రాఫైట్, నీటి జాకెట్, త్రీడీ ప్రింట్

ద్రవ ఇంధన ఇంజన్ చేద్దామని కూర్చున్న విద్యార్థి జట్టు బోర్డు మీద మొదట రాసేది థ్రస్ట్ (ఇంజన్ తోసే బలం) అంకె. విజయనగరంలో అయినా, రాజాంలో అయినా, టెక్కలిలో అయినా ఇదే వరస. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఛాంబర్, అంటే ఇంధనం మండే గది, ఎన్ని సెకన్లు మండాలి? రెండు మూడు సెకన్లు చాలంటే ఒక లేత్ మిషను, ఒక రాగి దిమ్మెతో పని తేలిపోతుంది. ఇరవై సెకన్లు కావాలంటే గోడ చుట్టూ నీళ్ళు పారాలి. రెండు నిమిషాలు కావాలంటే గోడ లోపలే ఇంధనం పారే కాలువలు కావాలి, వాటిని చెక్కగలిగే ఫ్యాక్టరీ కావాలి. గోడ, ఆక్సిడైజర్ (ఇంధనం మండటానికి ఆక్సిజన్ ఇచ్చేది), ఇంజెక్టర్ (ఆ రెండింటినీ ఛాంబర్ లోపలికి చిమ్మేది), పరీక్షా స్థలం అన్నీ ఈ ఒక్క జవాబు వెంటే నడుస్తాయి. మొదటి ఛాంబర్‌కి మా సలహా 3 సెకన్లు.

పోలిక ఉత్త మాటలుగా మిగలకుండా ఒక కొలత ఇంజన్ పెట్టుకుందాం. థ్రస్ట్ 500 న్యూటన్లు, అంటే దాదాపు 51 కిలోల బరువు, రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలంత. ఛాంబర్ ప్రెషర్ 15 బార్. ఆక్సిడైజర్‌గా ఆక్సిజన్ వాయువు, ఇంధనంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఆక్సిజన్‌కీ ఇంధనానికీ బరువు నిష్పత్తి 1.4. పూర్తిగా మండాలంటే ఈ నిష్పత్తి 2.4 ఉండాలి. కావాలనే ఇంధనం ఎక్కువ పెడుతున్నాం, మంట వేడి తగ్గి గోడ బతుకుతుంది. సి-స్టార్, అంటే ఛాంబర్ లోపల ఎంత బాగా మండుతోందో చెప్పే అంకె, లెక్క ప్రకారం సెకనుకు 1,700 మీటర్ల దగ్గర ఉంటుంది, చేతికొచ్చేది 1,550 అనుకోండి. థ్రస్ట్ గుణకం, అంటే నాజిల్ వల్ల థ్రస్ట్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, 1.3. అప్పుడు నాజిల్‌లో అతి సన్నటి చోటు, అంటే థ్రోట్, 18 మి.మీ. వ్యాసం వస్తుంది. మొత్తం ప్రవాహం సెకనుకు 248 గ్రాములు: ఇంధనం 103, ఆక్సిజన్ 145. ఎల్-స్టార్ 1.2 మీటర్లు తీసుకుంటే ఛాంబర్ లోపల 308 సి.సి. చోటు కావాలి. లోపలి వ్యాసం 48 మి.మీ. పెడితే పొడవు 17 సెం.మీ. అవుతుంది. నాజిల్ చివర 31 మి.మీ.

ఎల్-స్టార్ అంటే ఛాంబర్ ఘనపరిమాణాన్ని థ్రోట్ వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. ద్రవ ఆక్సిజన్, కిరోసిన్‌కి పుస్తకాలు 1.0 నుంచి 1.27 మీటర్లు ఇస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, కిరోసిన్‌కి 1.5 పైన. భయంకొద్దీ దీన్ని పెంచుకుంటూ పోయేవాళ్ళున్నారు. పెంచిన ప్రతి సెంటీమీటరూ వేడెక్కే గోడే. ఇంజెక్టర్ సరిగా లేకపోతే పొడవు పెంచినా మంట బాగుపడదు.

గోడ: ఇక్కడే అసలు ఎంపిక

కాలేజీ వర్క్‌షాపులో మొదట చేతికందేది స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పు పట్టదు, గట్టిగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుందని పేరు. రాకెట్ థ్రోట్ దగ్గర ఈ పేరు పనికిరాదు. అక్కడ లెక్కలోకి వచ్చేది గోడ ఎంత వేడికి కరుగుతుందన్నది కాదు, పైపొరకి తగిలిన వేడిని ఎంత తొందరగా లోపలికి లాక్కుంటుందన్నది. థ్రోట్ దగ్గర చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడి తగులుతోందనుకోండి. మన కొలత ఇంజన్‌కి ఇది అతిశయోక్తి కాదు. రాగి పైపొర ఒక సెకనులో దాదాపు 300 డిగ్రీలు పెరుగుతుంది, మూడు సెకన్లలో 530. మైల్డ్ స్టీలు మొదటి సెకనులోనే 800 దాటుతుంది, మూడో సెకనుకి కరిగే అంచుకి చేరుతుంది. 304 స్టెయిన్‌లెస్ అయితే మొదటి సెకనుకే 1,300 డిగ్రీలు పెరుగుతుంది, ఆ వెంటనే కరగడం మొదలవుతుంది. రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది, స్టీలు 1,400 పైన. తక్కువ వేడికి కరిగేదే ఎక్కువసేపు నిలబడటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఉష్ణవాహకత, అంటే వేడిని లోపలికి మోసుకుపోయే గుణం, తేడా అది: మీటరుకు, డిగ్రీకి వాట్లలో రాగికి 390, స్టెయిన్‌లెస్‌కి 16 నుంచి 20.

కాబట్టి మొదటి ఛాంబర్‌కి రాగి దిమ్మె. థ్రోట్ చుట్టూ గోడ మందం 25 నుంచి 30 మి.మీ. ఉండాలి, మూడు సెకన్లలో వేడి రాగిలో అంత లోతుకి పాకుతుంది. పైపు ముక్క కొని సన్నటి గోడతో చేస్తే వేడి బయటి అంచుకి చేరి వెనక్కి పేరుకుంటుంది, లెక్క తప్పుతుంది. ఏ రాగి? మామూలు కరెంటు బస్‌బార్ల రాగి, ఈటీపీ అనే రకం, దిమ్మె చెక్కడానికి సరిపోతుంది. దాంట్లో కొద్దిగా ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి హైడ్రోజన్ వాతావరణంలో బ్రేజింగ్ (వేరే లోహం కరిగించి అతకడం) చేస్తే లోపల పగుళ్ళొస్తాయి. బ్రేజింగ్ ఆలోచన ఉంటే ఆక్సిజన్ లేని రాగి తెచ్చుకోవాలి. డబ్బు సర్దుబాటైతే క్రోమియం, జిర్కోనియం కలిపిన రాగి ఇంకా మంచిది. శుద్ధమైన రాగి 200 డిగ్రీలు దాటితే మెత్తబడి, రెండు మూడు ఫైరింగులకే థ్రోట్ ఆకారం సాగుతుంది. క్రోమియం జిర్కోనియం రాగి 400 దాటాకా పట్టు వదలదు.

శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాం కాబట్టి బుడితి ప్రస్తావన వస్తుంది. అక్కడి ఇత్తడి, కంచు పని తరాల నాటిది, పోతలో అక్కడి చేతివాటానికి సాటి లేదు. అయితే ఇత్తడి ఉష్ణవాహకత రాగిలో మూడో వంతు కూడా ఉండదు, పైగా వేడెక్కితే దాంట్లోని జింకు ఆవిరై పోతుంది. కంచు వాహకత ఇంకా తక్కువ. పోత లోహంలో కంటికి కనిపించని గాలి బుడగలుంటే ప్రెషర్ అక్కడే దారి వెతుక్కుంటుంది. మంట తగిలే చోట ఈ లోహాలు వద్దు. ఆక్సిజన్ లైను ఫిట్టింగులకి మాత్రం ఇత్తడి స్టెయిన్‌లెస్‌కన్నా మేలు, ఆ సంగతి ముందుకెళ్ళాక వస్తుంది.

గ్రాఫైట్ థ్రోట్ ఇన్సర్ట్ రెండో దారి. ఛాంబర్ మైల్డ్ స్టీలు, థ్రోట్ ఒక్కటి గ్రాఫైట్. ఖర్చు తక్కువ, పాడైతే మార్చుకోవచ్చు. గ్రాఫైట్‌కి శత్రువు మిగులు ఆక్సిజన్. ఆపేటప్పుడు ఇంధనం ముందు ఆగి ఆక్సిజన్ ఇంకా వస్తుంటే, ఎర్రగా కాలిన గ్రాఫైట్‌ని అది బొగ్గులాగే తినేస్తుంది. 18 మి.మీ. థ్రోట్ 18.6 అయిందంటే వైశాల్యం దాదాపు 7 శాతం పెరిగినట్టు. ఛాంబర్ ప్రెషరూ ఆ మేరకు పడిపోతుంది, మీరేమో ఇంజెక్టర్‌ని అనుమానిస్తారు. అందుకే గ్రాఫైట్ వాడితే ప్రతి ఫైరింగ్‌కి ముందూ తర్వాతా కచ్చితమైన వ్యాసమున్న కొలత పుల్ల, అంటే పిన్ గేజ్‌తో థ్రోట్ కొలిచి రాసుకోవాలి. సిలికా ఫినాలిక్ లాంటి అబ్లేటివ్ లైనింగు కూడా ఇదే కోవది: కాలుతూ కాపాడుతుంది, ప్రతిసారీ కొలత మారుస్తుంది. ఎగిరే ఇంజన్‌కి సరే, నేర్చుకునే ఇంజన్‌కి వద్దు.

ఇక అందరి మనసులోనూ ఉండేది రీజనరేటివ్ కూలింగ్. ఇంధనాన్ని ముందు గోడలో తిప్పి, వేడెక్కాక ఇంజెక్టర్‌కి పంపడం. ఇస్రో సీఈ-20 లాంటి పెద్ద ఇంజన్లు ఇలాగే బతుకుతాయి. చిన్న ఇంజన్‌కి ఇది ఎందుకు కుదరదో లెక్క చూడండి. మన ఛాంబర్ గోడకి మొత్తమ్మీద 90 కిలోవాట్ల వేడి తగులుతుంది. దాన్ని మోయాల్సింది సెకనుకు 103 గ్రాముల ఆల్కహాల్. అంత వేడిని మింగాలంటే దాని ఉష్ణోగ్రత దాదాపు 300 డిగ్రీలు పెరగాలి. ఐసోప్రొపైల్ మామూలుగా 82 డిగ్రీలకే మరుగుతుంది. 20 బార్ ప్రెషర్‌లో ఉంచినా 200 లోపే మరిగిపోతుంది. కాలువలో ఆవిరి పుడితే ఆ చోట గోడ చల్లబడటం ఆగిపోతుంది, రంధ్రం పడుతుంది. ఇంజన్ చిన్నదయ్యేకొద్దీ గోడ వైశాల్యం నెమ్మదిగా తగ్గుతుంది, ఇంధన ప్రవాహం వేగంగా తగ్గుతుంది. పెద్ద ఇంజన్‌లో సులువైన పని చిన్నదాంట్లో కష్టమవడానికి కారణం ఇదే. దీన్ని డిజైన్ నైపుణ్యంతో కొంత తగ్గించవచ్చు, తప్పించుకోలేం.

అలాంటప్పుడు 440 న్యూటన్ల మంగళ్‌యాన్ ఇంజన్ ఎలా పనిచేసిందని అడగొచ్చు. 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి దగ్గర అది దాదాపు 23 నిమిషాలు మండింది. మన కొలత ఇంజన్ అంతే ఉంది! ఆ ఛాంబర్ కొలంబియం (నయోబియం) అనే లోహపు మిశ్రమం, పైన సిలిసైడ్ పూత. గోడ ఎర్రగా కాలి వేడిని అంతరిక్షంలోకి వెదజల్లుతుంది. ఛాంబర్ ప్రెషర్ మనదానిలో సగం, లోపల ఇంధనపు పొర. ఆ లోహమూ పూతా మనకి అందవు, కాబట్టి ఆ దారి పక్కన పెట్టండి.

నీటి జాకెట్, అంటే గోడ చుట్టూ నీళ్ళు పారే తొడుగు, మనకి అందే దారి. సెకనుకు 1 లీటరు నీళ్ళు పంపితే 90 కిలోవాట్లకి నీటి ఉష్ణోగ్రత 21, 22 డిగ్రీలే పెరుగుతుంది. లోపలి గోడ 3 మి.మీ. రాగి. థ్రోట్ దగ్గర నీటి సందు 1 మి.మీ. మించకూడదు, నీటి వేగం సెకనుకు 10 మీటర్లు దాటాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: సందు 3 మి.మీ. పెట్టి, నీళ్ళు బోలెడు పోతున్నాయి కదా అనుకుంటారు. వేగం లేని నీరు గోడకి తగిలి ఆవిరి పొరగా మారుతుంది, ఆ పొర వెనక రాగి రెప్పపాటులో పోతుంది. పొలం బోరు మోటారు లీటర్లు ఇస్తుంది గానీ అంత సన్నటి సందులో తోసే ప్రెషర్ ఇవ్వదు. 40 లీటర్ల ట్యాంకుని నైట్రోజన్‌తో 10 బార్ దాకా ఒత్తితే 20 సెకన్ల ఫైరింగ్‌కి సరిపోతుంది. ఆ ట్యాంకు ప్రెషర్ వెసెల్‌గా లెక్కకట్టి, హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) చేసినదై ఉండాలి. పాత డ్రమ్ములు వద్దు. నీళ్ళు కూడా బోరువి వద్దు, సున్నం పేరుకుంటుంది.

ఈ జాకెట్‌కి ఇంకో గొప్ప ఉపయోగముంది. లోపలికొచ్చే నీటి వేడి, బయటికెళ్ళే నీటి వేడి, ప్రవాహం కొలిస్తే గోడకి అసలు ఎంత వేడి తగిలిందో తెలుస్తుంది. జాకెట్‌ని నాలుగైదు విడి గదులుగా చేస్తే ఏ భాగానికి ఎంతో కూడా తెలుస్తుంది. రేపు రీజనరేటివ్ ఛాంబర్ గీయడానికి కావాల్సింది సరిగ్గా ఈ అంకెలే.

త్రీడీ ప్రింట్ గురించి ఉత్సాహం అర్థమవుతుంది. 2024 మే 9న ఇస్రో, పీఎస్ఎల్వీ రాకెట్ నాలుగో దశలో వాడే పీఎస్4 ఇంజన్‌ని లేజర్ పౌడర్ పద్ధతిలో ముద్రించి 665 సెకన్లు మండించింది. 14 భాగాలు ఒకటే ముక్క అయ్యాయి, 19 వెల్డింగ్ అతుకులు పోయాయి, ఇంజన్‌కి 565 కిలోల లోహం వాడే చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. అదే నెల 30న అగ్నికుల్ సంస్థ ఒకే ముక్కగా ముద్రించిన ఇంజన్‌తో శ్రీహరికోటలో రాకెట్ ఎగరేసింది. ఇవి నిజంగా గర్వపడాల్సిన పనులు. ఒక విద్యార్థి జట్టుకి మాత్రం సమస్యలు వేరు. తేలిగ్గా ముద్రించి ఇచ్చేది ఇంకొనెల్ అనే నికెల్ మిశ్రమం. దాని వాహకత స్టెయిన్‌లెస్ కన్నా ఎక్కువేం కాదు, గోడ 1 మి.మీ. లోపు ఉండి వెనక ప్రవాహం బాగా ఉంటేనే నిలుస్తుంది. 1 మి.మీ. కాలువల్లో పొడి ఇరుక్కుంటే బయటికి రాదు, ఆ ఒక్క కాలువ దగ్గరే గోడ కాలిపోతుంది. ముద్రించిన గోడ గరుకుగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ నష్టం లెక్కకన్నా ఎక్కువొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజెక్టర్‌తో కలిపి ఒకే ముక్కగా ముద్రిస్తే ఒక రంధ్రం తప్పైనా మొత్తం పారేయాలి. మొదటి ఏడాది మీరు ఇంజెక్టర్‌ని కనీసం మూడుసార్లు మారుస్తారు. బోల్టులతో విడదీయగలిగే ఛాంబరే కావాలి.

ఆక్సిడైజర్: థర్మామీటర్ చూసి ఎంచుకోండి

నైట్రస్ ఆక్సైడ్‌కి ఒక ఆకర్షణ ఉంది. తన ప్రెషర్ తనే తెచ్చుకుంటుంది, వేరే ప్రెషరైజేషన్ అక్కర్లేదు. 20 డిగ్రీల దగ్గర 50 బార్, 30 దగ్గర 63 బార్. మన జిల్లాల్లో చిక్కేమిటంటే 36.4 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు. ఆమదాలవలసలోనో బొబ్బిలిలోనో ఏప్రిల్, మే ఎండలో సిలిండర్ ఆ గీత దాటడానికి గంట చాలు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 785 గ్రాములుండే సాంద్రత ఆ గీత దగ్గర 450కి పడిపోతుంది. పొద్దున ట్యూన్ చేసిన ఇంజెక్టర్ మధ్యాహ్నానికి వేరే ఇంజన్ అయిపోతుంది. పైగా నైట్రస్ తనంతట తనే విచ్ఛిన్నమై వేడి విడుదల చేయగలదు. 2007 జులైలో అమెరికాలోని మొహావీలో జరిగిన నైట్రస్ పరీక్షలో ముగ్గురు చనిపోయారు. అది మంట లేని ప్రవాహ పరీక్ష మాత్రమే. చల్లటి పరీక్షే కదా అని దగ్గర నిలబడే అలవాటు ఎవరికైనా ఉంటే ఇది చదివాక మానుకోవాలి.

ఆక్సిజన్ వాయువు మా ఎంపిక. 150 బార్ దగ్గర నిండిన మామూలు పెద్ద సిలిండర్‌లో దాదాపు 9 కిలోలుంటుంది. 3 సెకన్ల ఫైరింగ్‌కి కావాల్సింది 440 గ్రాములే. అయితే ఆ 440 గ్రాములూ 3 సెకన్లలో రావాలి. వెల్డింగ్ రెగ్యులేటర్ అందులో కొద్ది భాగం కూడా ఇవ్వలేదు. రెండు మూడు సిలిండర్లు ఒక ఉమ్మడి పైపుకి, అంటే మానిఫోల్డ్‌కి కలిపి, ఆక్సిజన్‌కే తయారైన పెద్ద ప్రవాహపు రెగ్యులేటర్ పెట్టాలి. దాని తర్వాత 4.7 మి.మీ. ఆరిఫిస్ (ప్రవాహాన్ని కొలతగా వదిలే సన్నటి రంధ్రం), పైన 40 బార్, కింద ఇంజెక్టర్ దగ్గర 19 బార్. కింది ప్రెషర్ పైదానిలో సుమారు సగం లోపు ఉన్నంతవరకు ఆరిఫిస్‌లో వేగం ధ్వని వేగానికి చేరి ఆగిపోతుంది. ఛాంబర్‌లో ప్రెషర్ ఊగినా ఆక్సిజన్ ప్రవాహం కదలదు. ఇంత చవకగా ఇంత నమ్మకమైన కొలత ఇంకెక్కడా దొరకదు.

ఆక్సిజన్ లైనులో ఒక్క చుక్క నూనె ఉండకూడదు. గ్రీజు, పెయింట్, థ్రెడ్ మీద రాసే మామూలు సీలెంట్, చేతి జిడ్డు, ఏదీ వద్దు. బాల్ వాల్వ్‌ని టక్కున తెరిస్తే అవతలి మూసిన పైపులో ఆక్సిజన్ ఒక్కసారి నొక్కుకుని కాలేంత వేడెక్కుతుంది. అక్కడ చిన్న లోహపు పొట్టు ఉన్నా పైపే అంటుకుంటుంది. అందుకే ఎక్కువ ప్రెషర్ భాగాల్లో ఇత్తడి, రాగి ఫిట్టింగులు. అల్యూమినియం అసలు వద్దు.

ద్రవ ఆక్సిజన్ రెండో దశకి దాచుకోండి. ఇక్కడి తేమలో లైన్ల మీద మంచు దట్టంగా పేరుకుని వాల్వులు బిగుసుకుంటాయి. తారు నేల మీద చుక్క పడితే ఆ తారు దెబ్బ తగిలితే పేలే పదార్థమవుతుంది, కాంక్రీటు నేలే ఉండాలి. ఇక నైట్రోజన్ టెట్రాక్సైడ్, హైడ్రజీన్ జాతి ఇంధనాల గురించి ఒక్కటే మాట: కాలేజీ గేటు లోపలికి రానివ్వకండి.

ఇంధనంలో ఇథనాల్, ఐసోప్రొపైల్ మధ్య పనితీరులో పెద్ద తేడా లేదు. ఇథనాల్‌కి ఎక్సైజ్ శాఖ అనుమతుల తిప్పలుంటాయి, ఐసోప్రొపైల్ విశాఖలో రసాయనాల దుకాణాల్లో దొరుకుతుంది. కిరోసిన్ మసి పట్టి గోడ మీది మచ్చలు చదవనివ్వదు. నేర్చుకునేవాళ్ళకి ఆ మచ్చలే పాఠాలు.

ఇంజెక్టర్: రంధ్రాల పళ్ళెమా, పింటిలా?

ఒకే ముక్కుతో, తక్కువ డ్రిల్లింగ్‌తో అయిపోతుందని పింటిల్ (మధ్యలో ముక్కు, దాని చుట్టూ వలయంగా ధార వచ్చే రకం) వైపు మొగ్గు చూపేవాళ్ళు ఎక్కువ. చంద్రుడి మీద దిగిన అపోలో ఇంజన్ పింటిలే, థ్రస్ట్ తగ్గించి పెంచాలంటే దానికి తిరుగులేదు. మన కొలతలో చూద్దాం. ఇంధనానికి కావాల్సిన సందు వైశాల్యం 6.3 చదరపు మి.మీ. 12 మి.మీ. పింటిల్ చుట్టూ వలయంగా పంపితే సందు 0.17 మి.మీ. పింటిల్ 0.02 మి.మీ. పక్కకి ఉన్నా ఒకవైపు ప్రవాహం 12 శాతం పెరుగుతుంది, అవతల అంతే తగ్గుతుంది. గోడకి ఒకపక్కే ఆక్సిజన్ ఎక్కువై చారగా కాలుతుంది. మంచి గ్రైండింగ్ ఉన్న షాపు చేతిలో లేకపోతే పింటిల్ వద్దు.

రంధ్రాల పళ్ళెంలో అదే వైశాల్యానికి 1 మి.మీ. రంధ్రాలు 8 చాలు. ఒక్కో ఇంధన ధార ఒక ఆక్సిజన్ ధారని 60 డిగ్రీల కోణంలో ఢీకొనేలా అమర్చండి. ఒక రంధ్రం తేడా వస్తే తప్పు ఎనిమిదో వంతుకే పరిమితం. ఏటవాలుగా డ్రిల్ చేసేటప్పుడు 1 మి.మీ. బిట్టు జారుతుంది, ముందు ఎండ్ మిల్లుతో చిన్న చదును చేసుకోవాలి. ఒక డిగ్రీ కోణం తప్పితే 6 మి.మీ. దూరంలో ధార 0.1 మి.మీ. పక్కకి పోతుంది, అంటే ధార మందంలో పదో వంతు. అంతవరకు ఓర్చుకోవచ్చు, మూడు డిగ్రీలు తప్పితే పళ్ళెం మళ్ళీ చేయండి. రంధ్రం అంచున బర్రు (డ్రిల్ వదిలిన లోహపు పొట్టు) మిగిలితే ధార చీలుతుంది. విశాఖ ఆటోనగర్‌లో ఈడీఎం (విద్యుత్ నిప్పురవ్వలతో లోహం చెక్కే) డ్రిల్లింగ్ చేయించుకోగలిగితే ఈ తలనొప్పులన్నీ తగ్గుతాయి. పళ్ళెం రాగి లేదా ఇత్తడి.

గోడ పక్కన 0.5 మి.మీ. రంధ్రాలు ఆరు వేసి ఇంధనాన్ని గోడ వెంట పొరగా పారించండి. ఇది ప్రధాన ఇంధనానికి అదనంగా దాదాపు 19 శాతం. మొత్తం నిష్పత్తి 1.4 నుంచి 1.2 దగ్గరికి దిగుతుంది, సి-స్టార్ కొంచెం పోతుంది. పోనివ్వండి. మన వికాస్ ఇంజన్‌కి కూడా గోడ మీద ఇంధనపు పొరే రక్ష. ఈ సన్నటి రంధ్రాలు మూసుకుపోకుండా ముందు 40 మైక్రాన్ల ఫిల్టర్ తప్పనిసరి.

ఇంజెక్టర్‌లో ప్రెషర్ నష్టం ఛాంబర్ ప్రెషర్‌లో 20 శాతానికి తగ్గకూడదు. మనం 4 బార్ పెట్టాం, 27 శాతం. తగ్గిస్తే ఛాంబర్ ఊగిసలాట ఇంధన లైనులోకి పాకి, ఇంజన్ 200 హెర్ట్జ్ లోపు దడదడలాడుతుంది. దీన్నే చగ్గింగ్ అంటారు. పెద్ద ఇంజన్లని చంపే కీచు స్వరపు అస్థిరత వేరు. శాటర్న్ రాకెట్ ఎఫ్-1 ఇంజన్‌కి అది పట్టుకుని, ఛాంబర్‌లో చిన్న బాంబులు పేల్చి మరీ దాదాపు రెండు వేల పరీక్షలు చేశాక గానీ లొంగలేదు. మన 48 మి.మీ. ఛాంబర్‌లో ఆ అడ్డ తరంగం 14 వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంత పౌనఃపున్యం దగ్గర మంట దానికి ఊతమివ్వడం అరుదు. మీ భయం చగ్గింగ్ గురించే ఉండాలి.

ముట్టించడం

బాణసంచా మందు గుత్తి చవకే, కానీ ప్రతిసారీ కొత్తది పెట్టడానికి ఎవరో ఛాంబర్ దగ్గరికి వెళ్ళాలి. తేమ పట్టిన మందు ఆలస్యంగా అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్గుతో ముట్టే చిన్న టార్చి ఇగ్నైటర్‌ని మేం ఇష్టపడతాం: ముందు దాన్నొక్కదాన్నే యాభైసార్లు వెలిగించి చూడొచ్చు. క్రమం ఇలా ఉండాలి: ఇగ్నైటర్ వెలగాలి, వెలిగిందని ప్రెషర్ సెన్సర్‌తోనో థర్మోకపుల్‌తోనో కంప్యూటర్‌కి తెలియాలి, తర్వాత ఆక్సిజన్, ఆ తర్వాత ఇంధనం. 300 మిల్లీసెకన్లలో ఛాంబర్ 5 బార్ దాటకపోతే అన్నీ తమంతట తామే మూసుకోవాలి. ఇంధనం 100 మిల్లీసెకన్లు ముందొచ్చి మంట ఆలస్యమైతే లోపల 10 గ్రాములు పేరుకుంటుంది. రాగి గోడ చీలకపోయినా ఇంజెక్టర్ బోల్టులు తెగడానికి ఆ 10 గ్రాములు చాలు. ఆపేటప్పుడు ఆక్సిజన్ ముందు, ఇంధనం తర్వాత, వెంటనే 5 సెకన్ల నైట్రోజన్.

పరీక్ష: ఎప్పుడు, ఎక్కడ, ఏ వరసలో

సిరిమానోత్సవం దగ్గర్నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. ఆరుబయట స్టాండ్ నిలబెట్టే నెలలు కావవి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా పొద్దున్న పూట మంచి సమయం. ఏప్రిల్ దాటితే ఉద్దానం జీడి తోటల దగ్గర నేలంతా ఎండుటాకు, అటు వైపు ఆలోచనే వద్దు. టెక్కలి పరిసరాల్లో వదిలేసిన గ్రానైట్ క్వారీ గోతులు మూడు వైపులా సహజమైన గోడ ఇస్తాయి. నీళ్ళు నిలవని గొయ్యి, యజమాని రాతపూర్వక అనుమతి, పోలీసు, అగ్నిమాపక శాఖలకి సమాచారం ముందుగా ఉండాలి. సిలిండర్లకి 2016 గ్యాస్ సిలిండర్ల నియమాలు వర్తిస్తాయి, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) కార్యాలయాన్ని కాలేజీ ద్వారానే సంప్రదించండి. మనుషులు కనీసం 50 మీటర్ల దూరంలో, గోడ వెనక, కెమెరా చూస్తూ. నేరుగా చూడాలన్న ఉబలాటం ఎంత ఉన్నా సరే. సముద్రపు గాలి తగిలే చోట స్టాండ్ వదిలేస్తే 304 స్టీలు ట్యూబులకి కూడా ఉప్పు గుంటలు పడతాయి. విప్పి తీసుకెళ్ళండి, లేదా 316 వాడండి.

వరస మార్చకండి. ముందు 1.5 రెట్ల ప్రెషర్‌తో నీటి పరీక్ష, గాలితో కాదు. తర్వాత నైట్రోజన్‌తో లీకు చూడటం, సబ్బు నురగతో. అయ్యాక ఆక్సిజన్ వైపు మళ్ళీ శుభ్రం చేయాలి. ఆ పైన ఇంజెక్టర్ నీటి ప్రవాహం: పొర రంధ్రాలు మూసి 4 బార్ దగ్గర 20 సెకన్లు నీళ్ళు పట్టండి. 8 రంధ్రాలకి బకెట్‌లో దాదాపు 2.3 కిలోలు రావాలి. నీటి లెక్కని ఆల్కహాల్‌కి మార్చాలంటే 0.887తో గుణించండి. 2 కిలోలే వస్తే బర్రు, 2.7 వస్తే రంధ్రం పెద్దది. ఇంజెక్టర్ సరే అనిపించాక ఇగ్నైటర్ ఒక్కటి, తర్వాత అర సెకను ఫైరింగ్. విప్పి చూడండి. ఒక సెకను. విప్పి చూడండి. రెండు, మూడు.

విప్పినప్పుడు రాగి గోడ ఏం చెబుతోందో చదవాలి. అంతటా సమానంగా గులాబీ రంగు తేలితే మంచిది. ఒకేచోట నల్లటి నిలువు చార ఉంటే దాని పైన ఇంజెక్టర్ రంధ్రం ఆక్సిజన్‌ని గోడకి కొడుతోంది. థ్రోట్ అంచు నారింజ తొక్కలా గరుకైతే పైపొర కరిగే దగ్గరికి వెళ్ళింది, ఫైరింగ్ పొడిగించకండి. ఇంజెక్టర్ ముఖం మీద రంధ్రాల మధ్య కాలిన మచ్చలుంటే మంట వెనక్కి వచ్చి కూర్చుంటోంది. ప్రెషర్ నష్టం పెంచాలి.

కొలతలకి ఛాంబర్ ప్రెషర్, ఇంజెక్టర్ ముందరి రెండు మానిఫోల్డ్ ప్రెషర్లు, ఆరిఫిస్ పై ప్రెషర్, ఉష్ణోగ్రత, లోడ్ సెల్ (థ్రస్ట్ కొలిచేది) తప్పవు. నమోదు సెకనుకు కనీసం వెయ్యిసార్లు. ఛాంబర్ సెన్సర్‌ని వేడి నుంచి కాపాడటానికి పొడుగు ట్యూబు చివర పెడితే సగటు ప్రెషర్ సరిగానే వస్తుంది. వేగమైన ఊగిసలాట మాత్రం ట్యూబులోనే ఆరిపోతుంది, లేదా ట్యూబు సొంత స్వరం కలుస్తుంది. లోడ్ సెల్‌ని ప్రతి పరీక్ష రోజూ, పైపులన్నీ బిగించాకే, తెలిసిన బరువులతో సరిచూడాలి. బిగించిన పైపు స్ప్రింగులా లాగి 20, 30 న్యూటన్లు దాచేస్తుంది.

పోల్చడానికి ఉపయోగపడే అంకె థ్రస్ట్ కాదు, సి-స్టార్: ఛాంబర్ ప్రెషర్‌ని థ్రోట్ వైశాల్యంతో గుణించి ప్రవాహంతో భాగించండి. లెక్క విలువలో 85 శాతం దాటితే మొదటి ఇంజెక్టర్ బాగా వచ్చినట్టే. 75 దగ్గరుంటే ధారలు కలవడం లేదు. ఛాంబర్ పొడుగు చేయకండి, కొత్త పళ్ళెం చేయండి. 100 దాటితే సంతోషించకండి, ఏదో ఒక సెన్సర్ తప్పు చెబుతోంది, లేదా థ్రోట్ కొలత తప్పు. మూడు సెకన్ల ఫైరింగులు వరసగా మూడు, సి-స్టార్ తేడా 2 శాతం లోపు, థ్రోట్ వ్యాసం 0.05 మి.మీ. కన్నా మారకుండా వచ్చాక అదే ఇంజెక్టర్ పళ్ళేన్ని నీటి జాకెట్ ఛాంబర్‌కి బిగించండి. బోల్టు వృత్తం రెండింటికీ ఒకటే ఉండేలా మొదటి డ్రాయింగ్‌లోనే గీసుకోండి.